ఆన్సెల్మ్ స్ట్రాస్: ఆసుపత్రి వార్డులో రూపుదిద్దుకున్న సామాజిక శాస్త్రం

లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరవాత మీరు కింది విషయాలను వివరించగలుగుతారు:
• ఆరోగ్య రంగంలో గుణాత్మక పరిశోధన ఏ పరిస్థితుల్లో బలపడిందో
• 'ఎరుక సందర్భాలు' అనే భావన ఏమిటో, అది ఎందుకు ముఖ్యమైనదో
• క్షేత్రాధారిత సిద్ధాంతం పుట్టుక, పద్ధతి, దాని చుట్టూ వచ్చిన వివాదం
• స్ట్రాస్ కృషికి ఉన్న పరిమితులు

1. పరిచయం

రోగికి తన జబ్బు సంగతి చెప్పాలా వద్దా అనే ప్రశ్న మనలో చాలామందికి కొత్త కాదు. ఇంట్లో పెద్దవారికి క్యాన్సర్ అని తేలితే, కొడుకో కూతురో డాక్టరు గది బయటే నిలబడి, "నాన్నకు మాత్రం చెప్పకండి డాక్టరుగారూ, తట్టుకోలేరు" అనడం మనకు తెలిసిందే. దీన్ని మనం సాధారణంగా ప్రేమకో, భయానికో, ధైర్యానికో సంబంధించిన విషయంగా చూస్తాం. మనస్తత్వ శాస్త్రం కూడా చాలాకాలం ఇలాగే చూసింది. కాని ఒక సామాజిక శాస్త్రవేత్త దీన్ని మరో విధంగా అడిగాడు. ఒక మనిషికి తాను చనిపోబోతున్న సంగతి తెలియకుండా ఉంచడానికి ఎంతమంది, ఎన్ని పనులు, ఎంత పకడ్బందీగా చేయవలసి ఉంటుంది?

ప్రశ్న ఇలా మారగానే దృష్టి రోగి మనసు మీది నుంచి ఆసుపత్రి వ్యవస్థ మీదికి మళ్లింది. ఈ మలుపు తెచ్చినవారిలో ముఖ్యుడు అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త ఆన్సెల్మ్ స్ట్రాస్. 1916లో పుట్టి 1996లో మరణించిన ఈయన పేరు పరిశోధనా పద్ధతుల పాఠ్యపుస్తకాలన్నిటిలో కనిపిస్తుంది. అయితే అక్కడ ఆయన ఒక పద్ధతికి పేరుగా మాత్రమే మిగిలిపోయాడు. ఆ పద్ధతి ఏ ప్రశ్న కోసం, ఎవరి మధ్య, ఎలాంటి సంస్థలో పుట్టిందో తెలియకపోతే, అది బట్టీ పట్టవలసిన నాలుగు మెట్ల జాబితాగా మారిపోతుంది. అందుకే ఈ పాఠంలో పద్ధతి కంటే ముందు ఆ మనిషి వృత్తి జీవితాన్ని పరిశీలిద్దాం.

2. షికాగో నేపథ్యం

స్ట్రాస్ 1916 డిసెంబర్ 18న న్యూయార్క్‌లో జన్మించాడు. వర్జీనియా విశ్వవిద్యాలయంలో 1939లో డిగ్రీ పూర్తి చేశాడు. ఆయన పట్టా జీవశాస్త్రంలో. అయితే అక్కడ బోధిస్తున్న ఫ్లాయిడ్ హౌస్ అనే సామాజిక శాస్త్ర ఆచార్యుడు ఆయనకు రాబర్ట్ పార్క్, జాన్ డ్యూయీ వంటి వారి రచనలను పరిచయం చేశాడు. దాంతో ఆయన దారి మారింది. షికాగో విశ్వవిద్యాలయంలో చేరి 1945లో డాక్టరేట్ పొందాడు.

ఆ రోజుల్లో షికాగో సామాజిక శాస్త్రానికి రెండు ప్రత్యేకతలు ఉండేవి. మొదటిది, పరిశోధకుడు గ్రంథాలయం వదిలి వీధిలోకి వెళ్లి చూడాలన్న పట్టుదల. రెండోది, జార్జ్ హెర్బర్ట్ మీడ్ ఆలోచనల నుంచి హెర్బర్ట్ బ్లూమర్ అభివృద్ధి చేసిన ప్రతీకాత్మక పరస్పర చర్యా వాదం. దీని సారాంశం ఇది: మనుషులు వస్తువులతోను, ఇతర మనుషులతోను వ్యవహరించేటప్పుడు వాటికి తాము ఇచ్చుకున్న అర్థాలను బట్టి ప్రవర్తిస్తారు. ఆ అర్థాలు ముందే స్థిరపడి ఉండవు. ఒకరితో ఒకరు వ్యవహరిస్తుండగా పుడతాయి, మారుతాయి. స్ట్రాస్ జీవితాంతం ఈ రెండు సూత్రాలను విడిచిపెట్టలేదు.

ఆయన లారెన్స్ కళాశాలలోను, ఇండియానా విశ్వవిద్యాలయంలోను బోధించి, 1952లో షికాగోకు తిరిగి వచ్చాడు. అక్కడ ఎవెరెట్ హ్యూస్, హోవర్డ్ బెకర్, బ్లాంచ్ గీర్‌లతో కలిసి కాన్సాస్ విశ్వవిద్యాలయ వైద్య విద్యార్థుల అధ్యయనంలో పాల్గొన్నాడు. 1961లో 'బాయ్స్ ఇన్ వైట్' పేరుతో వచ్చిన ఆ పుస్తకం, ఆదర్శాలతో చేరిన విద్యార్థులు చదువు భారం కింద ఏది చదవాలో ఏది వదలాలో ఎలా తేల్చుకుంటారో చూపింది. ఆయన 1959లో ప్రచురించిన 'మిర్రర్స్ అండ్ మాస్క్స్' మనిషి గుర్తింపు జీవితకాలంలో ఎలా మారుతూ పోతుందో చర్చించింది. ఈ రెండో అంశం తరవాతి కాలంలో దీర్ఘకాలిక రోగుల గురించి ఆయన చేసిన పనిలో మళ్లీ కనిపిస్తుంది.

3. నియమాల వెనుక సంప్రదింపులు

1958 నుంచి 1960 వరకు స్ట్రాస్ షికాగోలోని మైకేల్ రీస్ ఆసుపత్రిలో సామాజిక శాస్త్ర పరిశోధనకు నాయకత్వం వహించాడు. మానసిక చికిత్సా సంస్థలను సహచరులతో కలిసి పరిశీలించాడు. ఆసుపత్రి అంటే పై నుంచి కింది వరకు ఖరారైన నియమాలు, హోదాలు ఉన్న యంత్రం అని అప్పటి సాధారణ అవగాహన. వార్డులో కనిపించింది వేరు. చాలా నియమాలు అక్కడ పనిచేసేవారికే సరిగా తెలియవు. కొన్నిటిని మరిచిపోతారు. ఏదో సంక్షోభం వచ్చినప్పుడు మళ్లీ గుర్తు చేసుకుంటారు, లేదా కొత్తగా తయారు చేసుకుంటారు. రోగి బాగుపడాలన్న లక్ష్యం మీద అందరికీ ఏకాభిప్రాయం ఉంది. బాగుపడటం అంటే ఏమిటి, అందుకు ఏం చేయాలి అన్నదాని మీద మాత్రం డాక్టరుది ఒక మాట, నర్సుది ఒక మాట, వార్డు సహాయకులది మరో మాట.

మరి రోజువారీ పని ఎలా సాగుతోంది? బేరాలు, సర్దుబాట్లు, మౌన అంగీకారాల మీద సాగుతోంది. దీనినే ఆయన 'సంప్రదింపుల క్రమం' అన్నాడు. 1963లో ఈ భావనను ఒక వ్యాసంలో ప్రతిపాదించాడు. మన జిల్లా ఆసుపత్రిలోనో, మండల కార్యాలయంలోనో కొంతకాలం పనిచేసిన ఎవరికైనా ఈ మాట వెంటనే అర్థమవుతుంది. ఒకటి గమనించాలి. నియమాలకు విలువ లేదని స్ట్రాస్ అనలేదు. నియమం కూడా ప్రతిరోజూ ఎవరో ఒకరు నిలబెడితేనే నిలుస్తుందని అన్నాడు.

4. నర్సింగ్ కళాశాలకు వచ్చిన సామాజిక శాస్త్రవేత్త

1960లో స్ట్రాస్ శాన్‌ఫ్రాన్సిస్కోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి వెళ్లాడు. అది వైద్య సంబంధమైన కోర్సులకే పరిమితమైన ప్రాంగణం. ఆయన చేరింది సామాజిక శాస్త్ర శాఖలో కాదు, నర్సింగ్ కళాశాలలో. ఆ కళాశాల డీన్ హెలెన్ నామ్ నర్సులకు డాక్టరేట్ స్థాయి పరిశోధన నేర్పే ఏర్పాటు చేయాలని సంకల్పించి, అందుకు స్ట్రాస్‌ను ఆహ్వానించింది.

ఈ నిర్ణయం ప్రాముఖ్యాన్ని తక్కువగా అంచనా వేయకూడదు. అప్పటి వరకు ఆసుపత్రి జ్ఞానం అంటే డాక్టరు జ్ఞానమే. రోగి పక్కన ఎక్కువ సేపు గడిపేది నర్సు. రాత్రి రెండు గంటలకు "నాకేమవుతోందమ్మా?" అని రోగి అడిగేది ఆమెనే. కాని ఆమెకు తెలిసినదాన్ని జ్ఞానంగా రాసుకునే పద్ధతి లేదు. అంకెలు, ప్రయోగాలు, ప్రశ్నావళులు ఆ జ్ఞానాన్ని పట్టుకోలేకపోయాయి. కాబట్టి గుణాత్మక ఆరోగ్య పరిశోధన సామాజిక శాస్త్రవేత్తల ఆసక్తి వల్ల మాత్రమే పెరగలేదు. తన అనుభవానికి శాస్త్ర గౌరవం కోరుకున్న ఒక వృత్తి అవసరం కూడా దాన్ని పెంచింది.

స్ట్రాస్ సహ పరిశోధకులను చూసినా ఈ విషయం స్పష్టమవుతుంది. జీన్ క్వింట్ నర్సు. రొమ్ము తొలగింపు శస్త్రచికిత్స జరిగిన స్త్రీల అనుభవాలను అంతకు ముందే అధ్యయనం చేసింది. షిజుకో ఫాగర్‌హా నర్సు. తరవాతి కాలంలో ఆయన రచనల్లో భాగస్వామి అయిన జూలియెట్ కార్బిన్ కూడా నర్సే. మరో సహచరుడు బార్నీ గ్లేజర్ మాత్రం భిన్నమైన నేపథ్యం నుంచి వచ్చాడు. ఆయన కొలంబియా విశ్వవిద్యాలయంలో 1961లో డాక్టరేట్ పొందాడు. పాల్ లాజర్స్‌ఫెల్డ్ సంఖ్యా పద్ధతులు, రాబర్ట్ మెర్టన్ సిద్ధాంత నిర్మాణం ఆయన మీద బలమైన ముద్ర వేశాయి. షికాగో క్షేత్ర పరిశీలన, కొలంబియా క్రమశిక్షణ ఒకే బల్ల దగ్గర కలిశాయి.

5. మరణం గురించిన ఎరుక

1960వ దశకం ఆరంభంలో అమెరికాలో పరిస్థితి ఎలా ఉండేదో ఒక సర్వే చెబుతుంది. 1961లో డొనాల్డ్ ఓకెన్ ప్రచురించిన ఆ సర్వేలో 219 మంది డాక్టర్లు పాల్గొన్నారు. వారిలో దాదాపు 90 శాతం మంది క్యాన్సర్ రోగికి ఆ సంగతి చెప్పకపోవడానికే మొగ్గు చూపారు. ఆ సర్వే జరిగింది స్ట్రాస్ అంతకు ముందు పనిచేసిన మైకేల్ రీస్ ఆసుపత్రిలోనే.

సర్వే డాక్టర్లు ఏమనుకుంటున్నారో చెప్పింది. చెప్పకపోతే ఆ తరవాత వార్డులో ఏం జరుగుతుందో అది చెప్పలేదు. ఆ ఖాళీని స్ట్రాస్, గ్లేజర్, క్వింట్ పూరించారు. శాన్‌ఫ్రాన్సిస్కో అఖాతం పరిసరాల్లోని ఆరు ఆసుపత్రుల్లో వారు క్షేత్ర పరిశీలన చేశారు. నర్సుల వెంట తిరిగారు, బల్లల దగ్గర కూర్చుని మాటలు విన్నారు, ప్రశ్నలు అడిగారు. ఫలితంగా 1965లో 'అవేర్‌నెస్ ఆఫ్ డైయింగ్' వెలువడింది. రోగి స్థితి గురించి ఎవరికి ఎంత తెలుసు, ఎదుటివారికి ఎంత తెలుసని ఎవరు అనుకుంటున్నారు అనేదాన్ని బట్టి ఆ పుస్తకం నాలుగు ఎరుక సందర్భాలను గుర్తించింది.

మొదటిది మూసిన ఎరుక. సిబ్బందికి తెలుసు, రోగికి తెలియదు. రెండోది అనుమానపు ఎరుక. రోగికి సందేహం వచ్చింది. కూపీ లాగడానికి ప్రయత్నిస్తాడు. సిబ్బంది తప్పించుకుంటారు. మూడోది పరస్పర నటన. ఇద్దరికీ తెలుసు, ఇద్దరికీ తెలుసన్న సంగతీ తెలుసు. అయినా తెలియనట్టే మాట్లాడుకుంటారు. "వచ్చే సంక్రాంతికి ఊరెళ్దాం" అన్న మాటకు ఇద్దరూ తలూపుతారు. నాలుగోది తెరిచిన ఎరుక. ఇద్దరికీ తెలుసు, దాన్ని దాచకుండా ప్రవర్తిస్తారు.

ఈ వర్గీకరణను గుర్తుపెట్టుకోవడం తేలిక. అసలు విలువైన భాగం దాని తరవాత వస్తుంది. మూసిన ఎరుక ఎలా నిలబడుతుంది? ఇందుకు రచయితలు ఐదు నిర్మాణపరమైన కారణాలు చూపారు. చావు లక్షణాలను గుర్తుపట్టే అనుభవం చాలామంది రోగులకు ఉండదు. డాక్టర్లు తమంతట తాము చెప్పరు. కుటుంబం రహస్యాన్ని కాపాడుతుంది. కేసు షీట్లు రోగికి అందని చోట ఉంటాయి, సిబ్బంది మాటలు రోగికి వినిపించని చోట జరుగుతాయి. చివరిది, రోగికి ఆసుపత్రిలో తన పక్షాన నిజం చెప్పే మిత్రుడు ఉండడు. ఈ ఐదింటిలో ఏ ఒక్కటి సడలినా మూత తెరుచుకోవడం మొదలవుతుంది.

ఇక్కడ పణంగా ఉన్నది ఏమిటో గుర్తించండి. సంగతి తెలియని మనిషి వీలునామా రాయలేడు. దూరంగా ఉన్న తమ్ముణ్ణి పిలిపించమని అడగలేడు. బాధాకరమైన మరో శస్త్రచికిత్స వద్దనలేడు. తన చివరి రోజులు ఎక్కడ గడపాలో తేల్చుకోలేడు. అతనికి ధైర్యం లేదని మనం నిర్ణయించేశాం. నిజానికి ధైర్యం చూపే అవకాశమే అతనికి ఇవ్వలేదు. మరోవైపు నర్సు మీద పడే భారమూ ఉంది. ఏం చెప్పాలో డాక్టరు నిర్ణయిస్తాడు. ఆ నిర్ణయాన్ని రోజంతా మోయవలసింది మాత్రం ఆమె. అందువల్ల ఆమె రోగి గదిలోకి వెళ్లడం తగ్గిస్తుంది, వెళ్లినా పని ముగించుకుని త్వరగా బయటికి వస్తుంది. దూరంగా చూసేవారికి అది నిర్లక్ష్యం. వార్డులో కూర్చుని చూసినవారికి అది వ్యవస్థ పెట్టిన ఇరకాటం.

1964లో గ్లేజర్, స్ట్రాస్ నర్సింగ్ పత్రికలో ప్రచురించిన మరో వ్యాసం ఇంతకంటే ఇబ్బంది పెట్టే విషయాన్ని చెప్పింది. చనిపోతున్న రోగి వల్ల సమాజానికి ఎంత నష్టమో సిబ్బంది తమకు తెలియకుండానే లెక్క కడతారు. వయసు, చదువు, ఉద్యోగం, కుటుంబ బాధ్యతలు, అందం ఇవన్నీ ఆ లెక్కలోకి వస్తాయి. చిన్న పిల్లల తల్లి చనిపోతుంటే అందరూ చుట్టూ చేరతారు. ఎవరూ లేని వృద్ధుడి మంచం దగ్గర అలికిడి తగ్గుతుంది. ఈ పరిశీలనకు 'సాంఘిక నష్టం' అని పేరు పెట్టారు. కులం, వర్గం, భాష ఎంత బలంగా పనిచేస్తాయో తెలిసిన మనకు ఈ భావన ఎన్ని ప్రశ్నలు లేవనెత్తుతుందో వేరుగా చెప్పనక్కరలేదు.

1968లో వచ్చిన 'టైమ్ ఫర్ డైయింగ్' కాలం వైపు చూసింది. మరణం ఒక క్షణం కాదు. దానికి ఒక గమనం ఉంది. కొన్ని గమనాలు వేగంగా, కొన్ని నిదానంగా సాగుతాయి. కొన్ని ఊహించినట్టు, కొన్ని ఊహకు అందకుండా నడుస్తాయి. సిబ్బంది తమ పనిని ఊహించిన గమనానికి తగ్గట్టు అమర్చుకుంటారు. చనిపోతాడనుకున్న రోగి కోలుకుంటున్నా, కోలుకుంటాడనుకున్నవాడు హఠాత్తుగా పోయినా వార్డు తలకిందులవుతుంది.

మీ ప్రగతిని సమీక్షించుకోండి – 1
(అ) అనుమానపు ఎరుకకు, పరస్పర నటనకు తేడా ఏమిటి?
(ఆ) మూసిన ఎరుకను నిలబెట్టే ఐదు కారణాలను పేర్కొనండి.

6. క్షేత్రాధారిత సిద్ధాంతం

'అవేర్‌నెస్ ఆఫ్ డైయింగ్' చదివినవారికి ఒక సందేహం సహజం. ముందుగా పరికల్పన లేకుండా, ప్రశ్నావళి లేకుండా, ఇంత స్పష్టమైన సిద్ధాంతం ఎలా వచ్చింది? దీనికి సమాధానం 1967లో గ్లేజర్, స్ట్రాస్ ప్రచురించిన 'ది డిస్కవరీ ఆఫ్ గ్రౌండెడ్ థియరీ'. ఈ క్రమాన్ని గమనించండి. పద్ధతి పుస్తకం పరిశోధన తరవాత వచ్చింది. వారు వార్డులో చేసినదాన్నే వెనక్కి తిరిగి చూసుకుని పద్ధతిగా రాశారు.

ఆ కాలపు అమెరికన్ సామాజిక శాస్త్రంలో పెద్ద సిద్ధాంతాలను కొద్దిమంది మహామహులు తయారుచేస్తే, మిగతావారు వాటిని అంకెలతో పరీక్షించాలన్న శ్రమ విభజన ఉండేది. గుణాత్మక పరిశీలనను సర్వేకు ముందు చేసే సన్నాహంగానే చూసేవారు. ఈ పుస్తకం ఆ విభజనను ప్రశ్నించింది. క్షేత్రం నుంచి సేకరించిన సమాచారంలో నుంచే ఎవరైనా, విద్యార్థి అయినా సరే, సిద్ధాంతాన్ని నిర్మించవచ్చని ప్రకటించింది. ప్రధానమైన అంశాలు ఇవి:

నిరంతర పోలిక: ఒక సంఘటనను మరో సంఘటనతో, ఆ తరవాత వాటి నుంచి వచ్చిన భావనతో పోలుస్తూ పోవడం.

సైద్ధాంతిక నమూనా ఎంపిక: తరవాత ఎవరిని చూడాలి, ఎక్కడికి వెళ్లాలి అన్నది అప్పటికి రూపుదిద్దుకుంటున్న సిద్ధాంతాన్ని బట్టి నిర్ణయించుకోవడం.

మెమోలు: సమాచారాన్ని చదువుతుండగా వచ్చిన ఆలోచనలను అప్పటికప్పుడు రాసుకోవడం.

సంతృప్త స్థితి: కొత్త సమాచారం వచ్చినా భావనకు కొత్తగా ఏమీ చేరని దశ.

రెండో అంశానికి మంచి ఉదాహరణ ఆ మరణ అధ్యయనమే. రోగికి ఎరుక ఏమాత్రం ఉండని పరిస్థితి చూడటానికి ముందు నెలలు నిండక పుట్టిన శిశువుల వార్డుకు, తరవాత స్పృహలో లేని రోగులుండే నరాల శస్త్రచికిత్సా వార్డుకు వెళ్లారు. మరణం త్వరగా వస్తుందని అందరూ ఎదురుచూసే పరిస్థితి కోసం ఇంటెన్సివ్ కేర్‌కు, నిదానంగా వచ్చే పరిస్థితి కోసం క్యాన్సర్ వార్డుకు, అనుకోకుండా త్వరగా వచ్చే పరిస్థితి కోసం అత్యవసర విభాగానికి వెళ్లారు. ఎంతమందిని చూశారన్నదాని కంటే, ఏ తేడా కోసం ఎక్కడికి వెళ్లారన్నది ఇక్కడ ముఖ్యం.

పరీక్షా పత్రాల్లో తరచుగా కనిపించే ఒక వాక్యం ఉంది: "క్షేత్రాధారిత సిద్ధాంతంలో పరిశోధకుడు ఏమీ చదవకుండా క్షేత్రానికి వెళ్లాలి." ఇది సరి కాదు. స్ట్రాస్ స్వయంగా మీడ్, బ్లూమర్, హ్యూస్‌లను చదివి వెళ్లాడు. చదివినదాన్ని క్షేత్రం మీద బలవంతంగా రుద్దకూడదన్నదే అసలు నియమం.

ఈ విషయంపైనే తరవాత సహరచయితల మధ్య విభేదం వచ్చింది. స్ట్రాస్ 1987లో ఒక పద్ధతి గ్రంథాన్ని, 1990లో కార్బిన్‌తో కలిసి 'బేసిక్స్ ఆఫ్ క్వాలిటేటివ్ రీసెర్చ్' అనే పుస్తకాన్ని ప్రచురించాడు. రెండో పుస్తకం విద్యార్థుల కోసం కోడింగ్‌ను మెట్లు మెట్లుగా వివరించింది. గ్లేజర్ 1992లో దానికి జవాబుగా పుస్తకమే రాశాడు. ఇలా ముందే చట్రాలు ఇస్తే సిద్ధాంతం సమాచారం నుంచి సహజంగా రాదని, దాని మీద రుద్దినట్టవుతుందని ఆయన వాదించాడు. నేర్పడానికి మెట్లు కావాలి. మెట్లు ఎక్కువైతే ఆలోచన ఆగిపోతుంది. పరిశోధన నేర్పే ప్రతి గురువూ ఈ రెండింటి మధ్య నడవవలసిందే. ఈ శాన్‌ఫ్రాన్సిస్కో బృందం దగ్గరే చదువుకున్న కాథీ చార్మాజ్ ఆ తరవాత మూడో మార్గం చూపింది. సిద్ధాంతం క్షేత్రంలో దొరికే వస్తువు కాదని, పరిశోధకులు, పరిశోధితులు కలిసి నిర్మించేదని 2006లో వచ్చిన తన గ్రంథంలో వివరించింది.

7. దీర్ఘకాలిక వ్యాధి: ఇంటికి చేరిన పరిశోధన

1970ల నాటికి స్ట్రాస్ దృష్టి మరణం నుంచి దీర్ఘకాలిక వ్యాధుల వైపు మళ్లింది. ఇందుకు కారణం సమాజంలోనే ఉంది. అంటువ్యాధుల వల్ల త్వరగా చనిపోవడం తగ్గి, గుండె జబ్బు, మధుమేహం, కీళ్ల వ్యాధి, క్యాన్సర్‌లతో ఏళ్ల తరబడి బతకడం పెరిగింది. ఆసుపత్రులు మాత్రం ఇంకా వచ్చి, నయమై, వెళ్లిపోయే రోగి కోసమే నిర్మితమై ఉన్నాయి. 1975లో వెలువడిన 'క్రానిక్ ఇల్‌నెస్ అండ్ ది క్వాలిటీ ఆఫ్ లైఫ్' ఈ అంతరాన్ని ఎత్తి చూపింది. 1977లో ఫాగర్‌హాతో కలిసి నొప్పి గురించి రాసిన పుస్తకం మరో విషయం చెప్పింది. నొప్పి శరీరానిదే అయినా, అది నిజమా కాదా, మందు ఇప్పుడివ్వాలా తరవాతా అన్నవి వార్డులో బేరాలుగా నడుస్తాయి.

1985లో ముగ్గురు సహచరులతో కలిసి రాసిన వైద్య పనుల గ్రంథంలో ఆయన 'పని' అనే మాటను విస్తరించాడు. యంత్రాలను నడపడం, ప్రమాదాలు నివారించడం, రోగికి సుఖం కలిగించడం, మనసు కుదుటపరచడం, వీటన్నిటినీ ఒకదానితో ఒకటి అతికించడం అన్నీ పనులే. ఎక్స్‌రే తీయించడం ఒక పని. దాని కోసం చక్రాల కుర్చీ వెతికి, క్యూలో నిలబడి, రిపోర్టు తెచ్చి సరైన సమయానికి డాక్టరు ముందు పెట్టడం మరో పని. రెండోదానికి జీతం లేదు, పేరు లేదు. అది లేకపోతే మొదటిది జరగదు. మన ప్రభుత్వ ఆసుపత్రుల్లో రోగి వెంట వచ్చిన బంధువు చేసేదంతా ఈ అతుకు పనే. రోగి స్వయంగా చేసే పనిని కూడా స్ట్రాస్ ఈ లెక్కలో చేర్చాడు.

1988లో కార్బిన్‌తో కలిసి రాసిన 'అన్‌ఎండింగ్ వర్క్ అండ్ కేర్' ఇంట్లో వ్యాధితో బతుకుతున్న దంపతుల అధ్యయనం. అక్కడ మూడు రకాల పని కలిసి నడుస్తుంది. మందులు, పథ్యం, పరీక్షలు వ్యాధి పని. వంట, పిల్లలు, డబ్బు రోజువారీ జీవితపు పని. "నేను ఇకపై ఎవరిని? నా బతుకు ఎటు?" అని లోపల జరిగే సర్దుబాటు జీవిత కథ పని. డాక్టరు చీటీలో మొదటిదే కనిపిస్తుంది. మందులు సరిగా వేసుకోని రోగిని మందలించే ముందు మిగతా రెండు పనులు అతని మీద, అతని భార్య మీద ఎంత బరువు వేస్తున్నాయో అడగాలన్నది ఈ పుస్తకం నేర్పే పాఠం.

8. పరిమితులు, ప్రభావం

ఏ పండితుణ్ణి చదివినా గౌరవంతో పాటు ప్రశ్న కూడా ఉండాలి. స్ట్రాస్ విషయంలో మూడు ప్రశ్నలు ముఖ్యం.

మొదటిది నైతికమైనది. మూసిన ఎరుక వార్డులో రోగికి తెలియని నిజం పరిశీలకుడికి తెలుసు. అంటే అతడూ ఆ రహస్యంలో భాగస్వామే. అమెరికాలో పరిశోధనలకు నైతిక సమీక్షను చట్టబద్ధం చేసింది 1974లో. మన దేశంలో భారతీయ వైద్య పరిశోధనా మండలి మార్గదర్శకాలు ఈ విషయంలో ప్రామాణికం. ఈ రోజు అలాంటి అధ్యయనం చేయాలంటే ఎన్నో జవాబులు ముందే చెప్పవలసి ఉంటుంది.

రెండోది, తెరిచిన ఎరుకను ఒకే స్థితిగా చూడటం. 1994లో స్టెఫాన్ టిమ్మర్‌మాన్స్ దీన్ని విమర్శించాడు. చెప్పినంత మాత్రాన అందరూ ఒకేలా తెలుసుకోరు. కొందరు విన్నదాన్ని పక్కన పెట్టేస్తారు, కొందరు ఇంకా ఆశ ఉందనుకుంటారు, కొందరు అంగీకరించి ఏర్పాట్లు చేసుకుంటారు. నిజం చెప్పడం ఒక్కసారితో పూర్తయ్యే పని కాదని ఈ విమర్శ గుర్తు చేస్తుంది.

మూడోది, సంప్రదింపుల మీద అంత దృష్టి పెట్టినప్పుడు అధికారం, ఆదాయం, కులం లేదా జాతి వంటి పెద్ద నిర్మాణాలు వెనక్కి పోతాయన్న ఆక్షేపణ. బేరమాడే శక్తి అందరికీ సమానంగా ఉండదు. 'సాంఘిక నష్టం' భావనలో ఈ స్పృహ ఉన్నా, అది తగినంత దూరం వెళ్లలేదనే చెప్పాలి.

ప్రభావం మాటకొస్తే, 1979లో అమెరికాలో 264 మంది డాక్టర్లతో జరిగిన మరో సర్వేలో 97 శాతం మంది క్యాన్సర్ రోగికి నిజం చెప్పడానికే మొగ్గు చూపారు. 18 ఏళ్లలో ఇంత మార్పు. దీన్ని స్ట్రాస్ ఖాతాలో వేయడం చరిత్ర కాదు. చికిత్సలు మెరుగుపడ్డాయి. రోగి సమ్మతి గురించి న్యాయస్థానాలు గట్టిగా మాట్లాడాయి. 1967లో లండన్‌లో సిసిలీ సాండర్స్ హాస్పిస్ ప్రారంభించింది. 1969లో ఎలిజబెత్ క్యూబ్లర్-రాస్ పుస్తకం లక్షలాది పాఠకులను చేరింది. ఈ ప్రవాహంలో స్ట్రాస్ బృందం ఇచ్చింది ఒక భాష. అంతవరకు మంచితనమనో, పిరికితనమనో పిలిచినదాన్ని పని ఏర్పాటుగా చూడగలిగే భాష అది. మనసులను మార్చడం కష్టం. ఏర్పాటును మార్చవచ్చు.

స్ట్రాస్ 1968లో అదే ప్రాంగణంలో సామాజిక శాస్త్ర డాక్టరేట్ కోర్సును ప్రారంభించాడు. 1987లో పదవీ విరమణ చేశాడు. ఆ తరవాత కూడా రాస్తూ, విద్యార్థులతో చర్చిస్తూ ఉండి, 1996 సెప్టెంబర్ 5న 79వ ఏట మరణించాడు.

9. మీ అధ్యయనానికి దీని ఉపయోగం

దూరవిద్యలో చదువుతున్న మీలో చాలామంది ఏదో ఒక ఉద్యోగమో, ఇంటి బాధ్యతో మోస్తున్నవారే. మీలో ఏఎన్ఎంలు, ఆశా కార్యకర్తలు, అంగన్‌వాడీ టీచర్లు, ఆసుపత్రి ఉద్యోగులు ఉన్నారు. ఇంట్లో డయాలసిస్ రోగినో, పక్షవాతం వచ్చిన అత్తగారినో చూసుకుంటున్నవారూ ఉన్నారు. రెగ్యులర్ కళాశాల విద్యార్థికి క్షేత్రం వెతుక్కుంటూ వెళ్లవలసిన చోటు. మీరు ఇప్పటికే అందులో ఉన్నారు. స్ట్రాస్ పద్ధతికి ఖరీదైన పరికరాలు అక్కర్లేదు. ఒక నోటుపుస్తకం, మాట్లాడేవారి సమ్మతి, పేర్లు బయటపెట్టని జాగ్రత్త, రోజూ పది వాక్యాలు రాసే ఓపిక చాలు. ప్రాజెక్టు పనికి ముందు ఈ మూడు ప్రశ్నలు వేసుకోండి: ఇక్కడ ఎవరికి ఏం తెలుసు? ఎవరు చేస్తున్న పని పనిగా లెక్కకు రావడం లేదు? ఈ పరిస్థితికి భిన్నమైన పరిస్థితి ఎక్కడ దొరుకుతుంది?

10. సారాంశం

షికాగో సంప్రదాయంలో శిక్షణ పొందిన ఆన్సెల్మ్ స్ట్రాస్ 1960 నుంచి నర్సింగ్ కళాశాలలో పనిచేస్తూ, నర్సు పరిశోధకులతో కలిసి ఆరోగ్య సామాజిక శాస్త్రాన్ని వార్డు స్థాయిలో నిర్మించాడు. సంప్రదింపుల క్రమం, ఎరుక సందర్భాలు, మరణ గమనం, వ్యాధి పని ఆయన ముఖ్య భావనలు. గ్లేజర్‌తో కలిసి రూపొందించిన క్షేత్రాధారిత సిద్ధాంతం ఆ ఆసుపత్రి పరిశోధన నుంచి పుట్టింది. రోగికి ఏం తెలుసన్నది అతని మనసు మీదే కాక, అతని చుట్టూ ఉన్న ఏర్పాట్ల మీద కూడా ఆధారపడుతుందని ఈ కృషి చూపింది.

11. నమూనా పరీక్ష ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 వాక్యాల్లో సమాధానాలు రాయండి.
1. ఎరుక సందర్భాలను వివరించి, వాటి సామాజిక ప్రాముఖ్యాన్ని చర్చించండి.
2. క్షేత్రాధారిత సిద్ధాంతం ఆవిర్భావాన్ని, దానిపై వచ్చిన విభేదాన్ని పరిశీలించండి.

II. కింది ప్రశ్నలకు 10 వాక్యాల్లో సమాధానాలు రాయండి.
1. సంప్రదింపుల క్రమం అంటే ఏమిటి?
2. దీర్ఘకాలిక వ్యాధిలో మూడు రకాల పనిని మీకు తెలిసిన ఒక కుటుంబం ఆధారంగా, పేర్లు రాయకుండా, వివరించండి.
3. నర్సింగ్ వృత్తికి, గుణాత్మక ఆరోగ్య పరిశోధన ఎదుగుదలకు ఉన్న సంబంధం ఏమిటి?